చేపలకు మోకాళ్లుంటయా

మా ఇంట్ల నా చదువు మీద ఎవ్వరికీ నమ్మకం లేకుండె. గన్‌ఫౌండ్రీల ఒక కాలేజీ పైఅంతస్తుల నేను పనిచేసే ల్యాబ్. గోడ పొడుగునా గాజు తొట్లు, తొట్ల నిండ నీలి చారల చిన్న చిన్న చేపలు. వాటికి మేత వేసుడు, నీళ్లు మార్చుడు, పొద్దుగాల లైటు వెయ్యంగనే అవి పెట్టే గుడ్లు ఏరుకునుడు, ఆ గుడ్లను మందు కలిపిన నీళ్లల్ల ఉంచి లోపలి చేపపిల్లల గుండెకు ఏమైతదో చూసుడు నా పని. పెండ్లిళ్లల్ల ఎవరన్న నా గురించి అడిగితే అమ్మ "చేపలు పెంచుతది" అని చెప్పేది. అడిగినోళ్లు నా దిక్కు జాలిగ చూసెటోళ్లు. నాకు ఒళ్లు మండేది.

చేపలు పెంచుడు కాదు అది. వీటి పిల్లల ఒళ్లు అద్దం లెక్క ఉంటది. మైక్రోస్కోపు కింద పెడితే కోసుడు లేదు, గుచ్చుడు లేదు, గుండె కొట్టుకునుడు కండ్లకు కనవడతది. మనిషి గుండెను చెడగొట్టే మందులు చానావరకు వీటి గుండెను గూడ చెడగొడతయి. కొట్టుకునుడు నెమ్మదైతది, తప్పుతది, గుండె చుట్టు నీరు చేరుతది, ఆఖరికి ఆగిపోతది. అందుకే కొత్త మందు మనిషి నోట్లె పడకముందు వీటిని అడుగుతరు. మా ఇంట్ల మాత్రం ముందు మనిషి నోట్లె పడ్డది, తర్వాత నేను చేపలను అడిగిన.

నాయిన అబిడ్స్‌ల బట్టల దుకాణంల జిందగీ అంత నిలవడి పనిచేసిండు. మోకాళ్లు అరిగినయి. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీల మాది మేడ మీద కిరాయి ఇల్లు. మెట్లు దిగాలంటే గోడ పట్టుకొని ఒక్కో మెట్టు దిగేటోడు. ఆయన తమ్ముడు, అంటే మా చిన్నాయన, అబిడ్స్ సందుల మూలికల దుకాణం పెట్టుకున్నడు. మోకాళ్ల పొడి అని సొంతంగ ఒకటి తయారు చేసి ప్యాకెట్ల కట్టి అమ్ముతడు. అది పాలల్ల కలుపుకొని తాగవట్టినంక నాయిన మెట్లు దిగిండు, స్టేషన్ ముంగట దాక నడిచి చాయ్ తాగి వచ్చిండు. అబద్ధమెందుకు, నేను గూడ సంబురపడ్డ.

కొన్ని నెలలకు నాయినకు ఆయాసం షురువైంది. కూసున్నకాడనే గుండె దడదడ అంటుందని ఛాతి రుద్దుకునేటోడు. గ్యాసు అని అమ్మ వాము నీళ్లు ఇచ్చేది. నాకు పొడి మీద అనుమానం కొట్టింది. చెంచెడు పొడి ల్యాబ్‌కు పట్టుకపోయి, మా సార్‌ను బతిమాలి గుడ్ల మీద పరీక్ష పెట్టిన. ఉత్త నీళ్లల్ల ఉంచిన పిల్లలు మంచిగనే ఉన్నయి. పొడి నీళ్లల్ల ఉన్నవాటి గుండె రెండు దెబ్బలు కొట్టి ఆగుడు, మల్లొకటి కొట్టుడు. గుండె చుట్టు నీటి బుడగ. ఇంకా పల్చగ కలిపి చూసిన, అదే తీరు. ఆ పొడిల ఏం కలిపిన్రో చేప చెప్పదు, అది ఏం చేస్తదో చెప్తది.

ఆ రాత్రి అన్నం కాడ అంత చెప్పిన. పొడి గుండెను దెబ్బతీస్తుంది, బంద్ చెయ్యి నాయినా అన్న. నాయిన ముద్ద కలుపుకుంట సావధానంగ విన్నడు. విని, "చేపలకు మోకాళ్లుంటయా బిడ్డా?" అన్నడు. అమ్మకు నవ్వాగక పొరబోయింది. నాయిన గూడ నవ్విండు.

నేను ఊకోలేదు. ఏడ్చిన, పొడి డబ్బా దాచిపెట్టిన. నా పోరు పడలేక నాయిన పొడి బంద్ చేసిండు. ఆయాసం జర తగ్గింది, మోకాళ్ల నొప్పి తిరిగి వచ్చింది. ఫిర్యాదు చేద్దామని మందులను తనిఖీ చేసే సర్కారు ఆఫీసుకు పోతే, కాలేజీ తరఫున రాసిచ్చిన కాయితం ఉంటెనే చూస్తమన్నరు. సార్‌ను అడిగితే, గీ నాలుగు గుడ్ల మీద చేసినదానికి సంతకం పెడితే నా కొలువు పోతదమ్మా అన్నడు. ఇంట్ల అమ్మ, సొంత చిన్నాయన మీద ఫిర్యాదా అని మూతి ముడుచుకొని నాతోటి మాట్లాడుడు మానేసింది.

చిన్నాయనకు ముచ్చట తెల్వనే తెలిసింది. దుకాణానికి పిలిచి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించిండు. కోప్పడలేదు. మెత్తగ, "పరీక్ష చేసినవా, లేదా? గంతే చెప్పు" అన్నడు. చేసిన, పిల్లల గుండెలు ఆగిపోయినయి అని చెప్పిన. ఆగిపోయినయి అన్న మాట ఆయన చెవులల్ల పడ్డదో లేదో. చేసినవు గదా, మంచిగైంది అని నా నెత్తి మీద చెయ్యి పెట్టిండు.

పది దినాలు గాలే, పొడి ప్యాకెట్ల మీద మెరిసే స్టిక్కరు వచ్చింది. "ల్యాబ్‌లో పరీక్షించబడినది" అని పెద్ద అక్షరాలు. అబద్ధం ఎక్కడుంది అండ్ల? పరీక్షించినదే. ఏం తేలిందో రాయలేదు, గంతే. ఆయన తెలివికి దండం పెట్టాలె.

కొత్త ప్యాకెట్టు ఒకటి మా ఇంటికి గూడ వచ్చింది. నాయిన అద్దాలు పెట్టుకొని స్టిక్కరు చదివిండు, వేలితోటి రుద్ది చూసిండు. పాలు కాగవెట్టమని అమ్మకు చెప్పిండు. నేను అడ్డం పడ్డ. నాయినా, ఆ పరీక్ష చేసింది నేనే, చెడ్డదని తేల్చింది నేనే అన్న.

"నువ్వు చేసినవనే గదా బిడ్డా నమ్మకం," అన్నడు నాయిన.

నేను నోటితోటి చెప్పింది చేపల ముచ్చట. అదే ప్యాకెట్టు మీద అచ్చైతే సైన్సు. నేను పొద్దున ల్యాబ్‌కు పోయేదాక ఆగి, పొడి పాలల్ల కలుపుకొని తాగెటోడు. పోయినోళ్లకు, వచ్చినోళ్లకు స్టిక్కరు చూపించి, మా బిడ్డ ల్యాబే అని గర్వంగ చెప్పెటోడు. గల్లీల ఇంకో నాలుగిండ్లు ఆ పొడి కొన్నయి, నన్ను చూసి.

వానలు పడే దినాలల్ల నాయిన మెట్ల మీదనే కూలబడ్డడు. దవాఖానల డాక్టరు పరీక్షలు చేసి, గుండె సగం పనిచేస్తలేదు, ఇగ మునుపటి లెక్క కాదు అన్నడు. ఏం మందులు వాడుతున్నరని అడిగితే నాయిన ప్యాకెట్టు తెప్పించి చూపించిండు. మంచం మీద పండుకొని గూడ, మా బిడ్డనే పరీక్ష చేసిందని చెప్పిండు. డాక్టరు నా దిక్కు తిరిగి, నిజమేనా అన్నడు. ఔ అన్న. ఏం తేలింది అన్నడు. చేప పిల్లల గుండెలు ఆగిపోయినయి అన్న. డాక్టరు ప్యాకెట్టు పక్కన పెట్టి ఇంకో మంచం కాడికి పోయిండు. నాయిన నా దిక్కు తిరిగిండు.

"మరి గట్టిగ చెప్పకపోతివి బిడ్డా," అన్నడు.

అప్పుడే చిన్నాయన బత్తాయిల సంచి పట్టుకొని వచ్చి మంచం కాడ స్టూలు మీద కూసున్నడు. నాయిన అన్న మాట విన్నడు. తల ఊపిండు. "ఔ బిడ్డా, జర గట్టిగ చెప్పాల్సిండె," అన్నడు.

ఇగ నా వల్ల గాలే. చెప్పిన. ఆ పొడి ఎవరు చేసిన్రో, స్టిక్కరు ఎవరు అంటించిన్రో, అన్నం కాడ ఎవరు నవ్విన్రో, వార్డు మొత్తం వినేటట్టు ఒర్రిన. పక్క మంచాలోళ్లు లేచి కూసున్నరు. నర్సు ఉరికొచ్చి, గుండె పేషెంట్లున్నరు, మెల్లగ మాట్లాడరాదా అని రెక్క పట్టుకొని నన్ను బయటికి తీస్కపోయింది. తలుపు అద్దంల నుంచి చూసిన. చిన్నాయన స్టూలు దగ్గరికి జరుపుకొని బత్తాయి ఒలుస్తున్నడు. తొన నోటి కాడికి తెస్తే నాయిన నోరు తెరిచిండు.