చేప కడుపులో నలభై రోజులు

మిరపకాయల టిక్కీ బస్తా మోసినవాడి వీపు మంట సాయంత్రం స్నానంతో పోతుంది. నేను ఎనిమిదేళ్లుగా మోస్తున్నది పన్నెండు పేజీల వ్యాసం. గుంటూరు మిర్చి యార్డులోని టిక్కీలన్నీ కలిపి తూచినా దానికి సరిరావు. అతిశయోక్తి అంటారా? అది నా వృత్తి. దొంగతనం మాత్రం అసలు కొలతల్లోనే చెబుతాను.

నేను చీరాలలో తెలుగు మాష్టారిని. పత్రికలకు హాస్యం రాస్తుంటాను. ఎనభై ఒకటి వేసవిలో, మా వీధి చివర మగ్గం నేసే మస్తాన్ వలి గారు ఒక నోటుపుస్తకం తెచ్చి, అచ్చుకు పనికొస్తుందేమో చూడమన్నారు. ఇస్లాం గ్రంథంలో ప్రవక్తల కథలు ఎలా నడుస్తాయన్నది అందులో విషయం. మూసా ప్రవక్త కథ ఒకేచోట మొదలై అక్కడే ముగియదట. పువ్వు రావలసిన చోట దారం పైకి తేలి, మిగతాచోట బట్ట అడుగున నడిచినట్టు, వినేవాడికి ధైర్యం కావలసిన చోట ఆయన పైకి వస్తాడట. యూసుఫ్ కథ ఒక్కటే చీర అంచులా తెగకుండా సాగుతుందట. మా పండితులు పునరుక్తి అని విసుక్కునే చోట ఈయనకు నేత కనిపించింది. పదిహేనేళ్లుగా ప్రబంధాలు పాఠం చెబుతున్న నాకు ఒళ్లంతా చెమట, బకెట్లకొద్దీ.

ఏం చేశాను? ఇంకా పదును పెట్టాలని చెప్పి పుస్తకం అట్టేపెట్టుకున్నాను. ఆరు నెలల తర్వాత నా పేరుతో అచ్చు వేయించాను. సభ పెట్టారు. శాలువా కప్పారు.

నేను చేర్చింది ఒకే వాక్యం. యూనుస్ ప్రవక్త చేప కడుపులో నలభై రోజులు ఉన్నాడని. నలభై ఎందుకు? మండల దీక్షలు చూసి పెరిగినవాణ్ణి, నలభై అంటేనే నిండుగా వినిపిస్తుంది. సభలో అది చదవగానే చర్చి బడి టీచరుగారు లేచి, "మా గ్రంథంలో మూడు రోజులేనండీ!" అన్నారు. "మీ చేప తొందరపడిందండీ" అన్నాను. హాలు పైకప్పు లేచిపోయేలా నవ్వారు. చివరి వరసలో మస్తాన్ గారు నవ్వలేదు.

మెట్ల దగ్గర ఆగారు.

"మాష్టారూ, మా పుస్తకంలో రోజుల లెక్కే లేదండీ."

"లేదా?"

"ఆ పుస్తకం లెక్క వదిలేసింది. ఆ చీకట్లో తప్పు నాదేనని ఆ ప్రవక్త ఒప్పుకున్నది ఉంచింది. కథంతా అందుకేనండీ. పదో పేజీలో రాశాను, మీరు తీసేశారు."

నేను భుజం మీద శాలువా సర్దుకున్నాను.

"పోన్లెండి. ఆ నలభై రోజులు మాత్రం మీ సొంతం" అని సైకిలెక్కి వెళ్లిపోయారు.

ఆ పేజీ ఎందుకు తీసేశాను? నిడివి ఎక్కువైందనా? ఎత్తిరాస్తున్నప్పుడు అక్కడ చెయ్యి ఆగిందని నాకు గుర్తుంది. ఆ తర్వాత ఆయన నోటుపుస్తకం అడగలేదు. మరొకటి రాయనూ లేదు.

ఇప్పుడు ఆ వ్యాసాన్ని ఒక సంకలనంలో వేస్తామంటున్నారు. నా పేరు కొట్టేసి ఆయన పేరు రాసి పంపాను. నేతపనివాడికి ఇంత సాహిత్యం ఎక్కడిదని సంపాదకుడు దీర్ఘం తీశాడు. అడగండి మరి! ఇంత పండితుడికి ఇంత దొంగబుద్ధి ఎక్కడిదని ఎవరూ అడగరేం?

క్షమించమని మిమ్మల్ని అడగను. ఆయన్నీ అడగను. అడిగితే క్షమించేస్తారు. అప్పుడు ఊరంతా ఆయన మంచితనం గురించి మాట్లాడుతుంది, రచన గురించి ఎవరూ మాట్లాడరు.

ఆ వ్యాసం రాసింది మస్తాన్ వలి గారు. దొంగిలించింది నేను.

ఇది రాశాక గుండె తేలికైంది. ఈ తేలికదనం నాకు దక్కవలసింది కాదేమో. అయినా తీసుకుంటున్నాను.