పెనిమిటి పేరు

నా తెలివి వల్ల ఒక మనిషి ప్రాణం పోబోయిన సంగతి చెబుతాను. మీరు నవ్వుకోండి, నేను మాత్రం ఇప్పటికీ సగమే నవ్వగలను.

ఎనభైల మొదట్లో కాటారం వైపు ఓ చిన్న సర్కారు దవాఖానలో కొత్త డాక్టర్ని. తలకు దెబ్బ తగిలినవాళ్లను పేరూ ఊరూ అడిగి, తడబడితే పెద్ద దెబ్బ, లేకపోతే చిన్న దెబ్బ అని విడదీయాలని చదివి వచ్చాను. ఆ ప్రశ్నలు వంటబట్టాక నన్ను పట్టడం ఎవరి తరమూ కాలేదు.

ఓ మధ్యాహ్నం ఎడ్లబండి బోల్తాపడి ఆలుమగలు వచ్చారు. ఇద్దరికీ నుదుట బొప్పి కట్టింది. మగాయన్ని పేరడిగితే తడుముకోకుండా "మల్లయ్య" అన్నాడు.

"గది ఆయన పేరు కాదు సారూ," అంది భార్య.

"మరి ఏం పేరు?"

ఆమె తలొంచుకుంది. మళ్లీ అడిగాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కట్టుకున్నవాడి పేరే మరిచిందంటే ఇంక అనుమానమేముంది? ఆమెది పెద్ద దెబ్బ, ఆయనది చిన్నది అని తేల్చేశాను. మా అమ్మ కూడా జన్మలో నాన్న పేరు పలికి ఎరగదు. ఆ పూట అది నాకు గుర్తే రాలేదు. ఆ లెక్కన పెద్ద దెబ్బ నా తలకే తగిలిందనాలి.

వరంగల్ పంపడానికి జీపు తెప్పించి ఆమెను ఎక్కించాను. "నాకేం కాలే, ఆయనను జర సూడుండ్రి" అని ఆమె మొత్తుకుంటుంటే, దెబ్బ తగిలినవాళ్లు ఇలాగే అంటారని కాంపౌండరుకు పాఠం కూడా చెప్పాను. అరుగు మీద కూర్చున్న ఆయన "ఎడ్లేవి?" అని అడిగిందే అడుగుతున్నాడు. ఎడ్లంటే ఎంత ప్రేమో అని ముచ్చటపడ్డాను.

జీపు కదలబోతుండగా ఆయన భళ్లున వాంతి చేసుకుని పక్కకు ఒరిగిపోయాడు. కళ్లు మూతలు పడుతున్నాయి. ఆమె జీపులోంచి దూకి వచ్చి ఆయన భుజాలు పట్టి కుదిపింది.

"రాజయ్యా, కండ్లు తెర్వు. రాజయ్యా."

మల్లయ్య ఆయన తండ్రి పేరట. ఆయన్ని జీపులో పడుకోబెట్టి నేనూ ఎక్కాను. దారి పొడుగునా ఆమె ఆ పేరు పిలుస్తూనే ఉంది. నేను మొక్కని దేవుడు లేడు.

తలకు ఆపరేషన్ చేస్తే ఆయన బతికాడు. కోలుకున్నాక ఇద్దరూ నన్ను చూడవచ్చారు. మందుల చీటీ రాస్తూ, అలవాటు కొద్దీ ఆమెనే ఆయన పేరడిగాను. కొంగు మళ్లీ నోటికి వెళ్లింది.

"ఆ దినం గన్నిసార్లు చెప్పిన గద సారూ. ఇగ చెప్ప."

ఆ క్షణమే దవాఖాన గడప సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. కంఠంలో ప్రాణం ఉండగా ఏ ఇల్లాలినీ పెనిమిటి పేరు అడగను. అది ఆయన పేరు కాదని ఆమె అంటే మాత్రం, నోరు మూసుకుని నమ్ముతాను.