గుట్టబండికి నేనేసిన మార్కు

అది 1961. పెద్దపల్లి దగ్గర ఒక చిన్న పట్టణంలో నేను ఓవర్సియర్‌గా ఉండేవాణ్ణి. ఊరి పేరు, ఆఫీసు పేరు రాయను. తప్పు నాది, వాటిది కాదు. రోడ్లు, మోరీలు, బడి గోడలు చూసుకోవడం నా అసలు పని. అయితే ఏటా వరికోతలు అయ్యాక ఊరి బయట మైదానంలో ఎగ్జిబిషన్ పెట్టేవారు. ఆ పదిహేను రోజులూ ఊళ్ళో పిల్లలందరికీ నా ఉద్యోగం మీద కన్ను కుట్టేది. రంగులరాట్నం, జెయింట్ వీల్, పడవ ఊయల, ఏది వచ్చినా జనం కంటే ముందు నేనెక్కాలి. ఎక్కి, దిగి, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రాయాలి. దీని మీద మనుషులు కూర్చోవచ్చని పూచీ పడే కాగితం అది. అది లేకుండా ఒక్క టికెట్ కూడా అమ్మడానికి లేదు.

సర్టిఫికెట్‌లో మూడే మార్కులు: 'పాస్', 'మరమ్మతు చేస్తే పాస్', 'పనికిరాదు'. ఏది ఎప్పుడు వేయాలో నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. నిజాం జమానా నుంచి నౌకరీ చేసిన ఒక పెద్ద ఓవర్సియర్ సాబ్ నేర్పాడు. ఆయన పద్ధతి ఒక్కటే. ఇత్తడి చెంబులో అంచుకు వేలెడు తక్కువగా నీళ్ళు పోసి, ఒళ్ళో పెట్టుకుని ఎక్కేవాడు. బేరింగ్, అంటే ఇరుసు తిరిగే గుండ్రటి కప్పు, అరిగిపోతే కుదుపు వస్తుంది, నీళ్ళు ఒలుకుతాయి. నాలుగు చుక్కలు ఒలికితే మరమ్మతు, దోసెడు ఒలికితే పనికిరాదు.

"ఆద్మీకి లంచం ఇయ్యొచ్చు బేటా, పానీకి ఎట్ల ఇస్తరు?" అని నవ్వేవాడు.

ఆయన పోయాక ఆ చెంబు నేను మోశాను. చెంబు పట్టుకుని మైదానంలో అడుగు పెడితే చాలు, రాట్నాలవాళ్ళు బీడీలు పారేసి లేచి నిలబడేవాళ్ళు. నాకది బాగుండేది. ఇప్పుడు దాచుకోవడం ఎందుకు, చాలా బాగుండేది.

ఆ ఏడు మైదానం మూలన ఒక కొత్తది లేచింది. కట్టినవాడి పేరు ఓదెలు. బొగ్గుగనిలో హాలేజ్ ఫిట్టర్‌గా చేసినవాడు. బొగ్గు టబ్బుల్ని, అంటే నాలుగు చక్రాల ఇనుప తొట్లని, ఉక్కు తాడుతో వాలు మీద లాగే యంత్రం చూసుకోవడం అతని పని. ఆ తాడు కింద కుడిచేతి మూడు వేళ్ళు నలిగిపోయాక పని మానేశాడు. తుక్కు కింద పారేసిన ఒక టబ్బునూ పాత పట్టాలనూ సంపాదించి, టేకు దుంగలు నిలబెట్టి, వాటి మీద మూడు గుట్టల దారి వేశాడు. చేతి గిరకతో టబ్బును మొదటి గుట్ట మీదికి లాగి వదలడమే. తనంతట తానే జారి, రెండోది ఎక్కి దిగి, మూడోదాని మీద ఆగుతుంది. దానికి గుట్టబండి అని పేరు పెట్టుకున్నాడు. అలాంటిది మా వైపు ఎవరూ చూడలేదు.

"రెండేండ్లు కట్టినం సారూ. ఉన్న చెలక భూమి అమ్మి కట్టినం. గిది నడవకుంటె మాకు ఇంకో తొవ్వ లేదు," అంది అతని భార్య రాజవ్వ, నేనింకా దగ్గరికి పోకముందే.

ఓదెలు టబ్బు వెనక వేలాడే ఇనుప కడ్డీని చూపించాడు. "దీన్ని బ్యాక్‌స్టే అంటరు సారూ. తాడు తెగి బండి ఎనుకకు జారిందనుకోండ్రి, గీ కడ్డీ దుంగల నడుమ దిగవడ్తది. బండి ఆడనే ఆగుతది. గనిల నా పానం రెండుసార్లు కాపాడింది గిదే."

నేను తలూపి చెంబులో నీళ్ళు పోసుకున్నాను. అతను ఇబ్బందిగా చూశాడు.

"చెంబు వద్దు సారూ. దీనికి గది కుదరది. రెండు చేతులతోని గీ కమ్మి పట్టుకోవాలె."

"చెంబు లేకుంటె సర్టిఫికెట్ లేదు, ఓదెలూ," అన్నాను.

ఎక్కాను. గిరక కిర్రుమంటూ పైకి లాగింది. పైనుంచి రైలు సిగ్నలు, రైస్ మిల్లు పొగగొట్టం కనిపించాయి. మైదానంలో జనం తలలెత్తి చూస్తున్నారు. తర్వాత టబ్బు వదిలేశారు. "అవ్వో!" అని అరిచాను. చెంబెడు నీళ్ళూ ఒళ్ళో పడ్డాయి, చెంబు ఎగిరి ఎటో పోయింది. రెండో గుట్ట, మళ్ళీ జారుడు, మూడో గుట్ట. బండి మెత్తగా ఆగింది.

దిగేసరికి తెల్ల ప్యాంటు ముందు భాగమంతా తడి. జనంలోంచి ఎవడో అన్నాడు, "సారుకు తడిసిందిరో!" ఇక ఆగలేదు. నన్ను చూసి బీడీలు పారేసినవాళ్ళే పొట్ట పట్టుకుని నవ్వారు. మిఠాయి బండి ముసలాయన కూడా నవ్వాడు. నా చెవులు కాలిపోయాయి.

అక్కడే నిలబడి రాశాను. 'పనికిరాదు. నీళ్ళు పూర్తిగా ఒలికినవి.'

ఓదెలుకు చదువు రాదు, కానీ నా మొహం చదివాడు. "సారూ, గది నీళ్ళు ఒలకవోసుడుకే కట్టిన బండి. ఒలకకుంటె దాన్ల మజా ఏముంటది? ఒక్క పట్టా ఊగిందా? ఒక్క చక్రం లేసిందా? ఇసుక బస్తాలు ఏసి నడిపి చూడుండ్రి."

మనుషుల బరువుకు రెట్టింపు ఇసుక వేసి నడపడాన్ని లోడ్ టెస్ట్ అంటారు. అతను అడగాల్సిందే అడిగాడు. నేను "రూల్ రూలే" అన్నాను.

రాజవ్వ ఎక్కడో పడ్డ చెంబును ఏరుకొచ్చింది. కొంగుతో తుడిచి నా చేతికిస్తూ అంది, "సారూ, రెండో గుట్ట దిగంగ మీరు నవ్విండ్రు. నేను చూసిన. గంత మంచిగ నవ్వినోళ్ళు పనికిరాదని ఎట్ల రాస్తిరి?"

నిజమే, నవ్వాను. బడికి పోయే రోజుల తర్వాత అంతగా ఎప్పుడూ నవ్వలేదు. కానీ ఆమె ఆ మాట నలుగురి ముందు అనేసరికి నాకు ఇంకా మండింది. కాగితం ఆమె చేతిలో పెట్టి వెళ్ళిపోయాను. ప్యాంటు ఆరేదాకా ఆగి ఉంటే ఇంకో మాట రాసేవాణ్ణేమో.

అదే ఎగ్జిబిషన్ నాలుగో రోజు, నేను పాస్ చేసిన జెయింట్ వీల్‌లో ఒక తొట్టి పిన్ను తెగింది. కిందికి వచ్చాక తెగింది కాబట్టి ప్రాణం పోలేదు. నేతపని చేసుకునే ఒకామె మణికట్టు విరిగింది. ఆ పిన్ను లోపల ఎప్పటినుంచో పగులు ఉందట. నేనెక్కినప్పుడు చెంబులోంచి ఒక్క చుక్క ఒలకలేదు. పగులు సంగతి నీళ్ళకేం తెలుస్తుంది?

మర్నాడు పొద్దున్నే గుట్టబండి వైపు పరుగెత్తాను. ఇసుక బస్తాలు వేసి చూడాలనుకున్నాను. అక్కడ దుంగలు పాతిన గుంటలే మిగిలాయి. రెండు రోజుల కిందటే ఎడ్లబండ్ల మీద వేసుకుని లక్సెట్టిపేట వైపు పోయారన్నారు. ఏ ఊరికి పోయినా అక్కడివాళ్ళు పాత సర్టిఫికెట్ చూపించమంటారని నాకు తెలుసు. నేను ఉత్తరం రాయొచ్చు, కాగితం మార్చి పంపొచ్చు. అలా పంపితే నా సంతకం తప్పని నేనే ఒప్పుకున్నట్టు. పంపలేదు. ఆరేళ్ళు పంపలేదు.

1967లో ఒక కల్వర్టు పని మీద నన్ను లక్సెట్టిపేటకు వేశారు. వారం రోజులు ఆలోచించి, చివరికి ఓదెలు ఇల్లు అడిగి వెతుక్కుంటూ వెళ్ళాను. వాకిట్లో టబ్బు కనిపించింది. దానికి చక్రాలు లేవు. నిండా నీళ్ళు, ఒక బర్రె మూతి పెట్టి తాగుతోంది. పట్టాలు ఇంటి కప్పుకు దూలాలయ్యాయి. ఓదెలు రైస్ మిల్లులో కాపలా కాస్తున్నాడట. రాజవ్వ కైకిలికి, అంటే ఒకరి పొలంలో కూలికి, పోయి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది.

"ఓవర్సియర్ సారు గదా? కూసోండ్రి," అన్నాడు ఓదెలు, మంచం వాలుస్తూ.

నేను కూర్చోలేదు. "తప్పు జేసిన, ఓదెలూ. నీ బండిల ఏం తప్పు లేకుండె. జనం నవ్విండ్రని రాసిన."

అతను బర్రె మూతిని టబ్బు మీంచి పక్కకు నెట్టాడు. "నీళ్ళ ముచ్చట కాదని ఆ దినమే ఎరుక సారూ," అన్నాడు. తిట్టినా బాగుండేది.

మళ్ళీ అతనే అన్నాడు, "గది పోనీయుండ్రి. ఒక్క ముచ్చట అడుగుత, నిజం చెప్పాలె. దాన్ల నేను కూసున్న, రాజవ్వ కూసున్నది. మా చేతులతోని కట్టినోళ్ళం, మాకు మంచిగనే ఉంటది. బయటోళ్ళల్ల ఎక్కింది మీరొక్కరే. ఎట్లుండె సారూ?"

అంతకాలంగా అతను అడగాలనుకున్నది అదొక్కటే.

"మొదటి గుట్ట దిగంగ సచ్చిపోయిన అనుకున్న," అన్నాను. "రెండోది దిగంగ, ఇంకా పది గుట్టలుంటే బాగుండు అనిపించింది. ఆగినంక దిగబుద్ధి గాలే. ఇంకోసారి ఎక్కియ్యుమని అడుగుదామనుకున్న."

ఓదెలు మొహం వెలిగింది. "రాజవ్వా, ఇన్నవా?" అని గట్టిగా కేకేశాడు. ఆమె కాళ్ళు కడుక్కోవడం ఆపి మమ్మల్నే చూస్తోంది. ఆ తర్వాత అతని గొంతు తగ్గిపోయింది.

"గప్పుడే చెప్పకపోతిరి, సారూ."

ఆ తర్వాత నేను చెంబు పట్టలేదు. పిన్నుల్ని సుత్తితో కొట్టి మోత వినడం, ఇసుకతో బరువు పరీక్షించడం నేర్చుకున్నాను. అవి ఎవరైనా నేర్పుతారు. నవ్వుల పాలైన పూట సంతకం పెట్టకూడదని మాత్రం ఓదెలు దగ్గరే నేర్చుకున్నాను, అతని చెలక పోయాక. గుట్టబండి ఎక్కిన బయటి మనిషిని నేనొక్కణ్ణే. ఈరోజు దానికి ఏ మార్కు వేస్తావని ఎవరైనా అడిగితే 'పాస్' అంటాను. అడిగేవాళ్ళు లేరు, బండీ లేదు.