టికెట్ వెనక రాసిన మాట

1962లో నేను ప్రొద్దుటూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌ని. పుట్టి పెరిగింది మద్రాసులో. ఇరవై రెండేళ్ల వయసు, ముక్కు మీద కోపం. పొద్దున్నే హెడ్‌సెట్ తలకెక్కిందంటే డ్యూటీ దిగేదాకా చెవి నాది కాదు. ఇంటికి వెళ్లి అన్నం తింటున్నా ఎవరో నంబరు అడుగుతున్నట్టే ఉండేది.

పొరుగూరికి ఫోన్ చేయాలంటే మాకు చెప్పాలి. మేము బోర్డు మీద కార్డ్ అనే తీగ గుచ్చి రెండు ఊళ్లను కలుపుతాం. దాన్నే ట్రంక్ కాల్ అంటారు. ప్రతి కాల్‌కీ టికెట్ అని ఒక చీటీ రాస్తాం: ఎవరు, ఎవరికి, ఎన్ని గంటలకి. ఫలానా మనిషితోనే మాట్లాడాలంటే అది పి.పి. కాల్. ఆ మనిషి వచ్చేదాకా లైను కలపం. మూడు నిమిషాలవగానే మధ్యలోకి వెళ్లి టైము చెబుతాం. అంతవరకే మాకు నోరుంది. లైను బాగుందో లేదో ఒక్క క్షణం వినొచ్చు గాని మాటలు వినకూడదు. విన్నామని తెలిస్తే ఉద్యోగం పోతుంది.

నేను వినేదాన్ని. అందరివీ కాదు, సుగుణమ్మ టీచరువి.

ఆమెది పులివెందుల. భర్త నరసింహులుకి బట్టల కొట్టు. అక్కడి ఫోన్ నుంచి నెలకోసారి మద్రాసులో ఒక మాసపత్రిక ఎడిటర్‌కి కాల్ బుక్ చేసేది. ఆ పత్రికలో ఆమె సీరియల్ వచ్చేది. రాబోయే కాలపు కథ. పెన్న ఒడ్డున ఒక ఊళ్లో కాన్పుల్లో ఆడవాళ్లు చచ్చిపోకుండా బిడ్డల్ని గాజు కడవల్లో పెంచుతారు. కానీ ఏ ఆడదాని కడవ ఎప్పుడు తెరవాలో చెప్పేది ఊరి పెద్దలే, తాళంచెవులు వాళ్ల దగ్గరే. నాగు అనే అమ్మాయి తన తాళంచెవి దొంగిలించి పారిపోతుంది. అక్కడ ఆపేసి "సశేషం" అన్నారు. నెలంతా నాకు నిద్ర లేదు.

అందుకే ఆ రోజు విన్నాను. ఎడిటర్ మెత్తగా చెబుతున్నాడు: "చివర్లో తాళంచెవి భర్త చేతికిచ్చేలా మార్చండమ్మా. చదివేవాళ్లకి నిమ్మళంగా ఉంటుంది."

"యాల మార్చాల సార్? దాని కడుపు తాళం దాని కొంగుననే ఉండాల."

మూడు నిమిషాలయ్యాయి. "టైమ్ అయింది" అనాల్సిన దాన్ని, "ఇవ్వద్దు టీచరమ్మా!" అని అరిచాను.

ఆమె పకపకా నవ్వింది. "ఎవురు పాపా నువ్వు? దొంగచెవి పెట్టుకోని వింటాండావా?"

అప్పట్నుంచి నేను ఆమెకి దొంగచెవి పాపని. కాల్ బుక్ చేసినప్పుడల్లా రెండు మాటలు మాట్లాడేది. ఇద్దరు ఆడపిల్లలనీ, రెండు కాన్పులూ పొట్ట కోసే చేశారనీ, ఇప్పుడు మూడోదనీ అలాగే తెలిసింది. "కాన్పంటే నాకు భయం పాపా. అందుకే కడవలు రాసినా" అంది ఒకసారి.

రెండు నెలల తర్వాత ఒక పొద్దున, పదకొండు దాటాక, జమ్మలమడుగు నుంచి అర్జెంట్ పి.పి. కాల్ వచ్చింది. ఆస్పత్రి నుంచి డాక్టరమ్మ, నరసింహులు కావాలంటోంది. కొట్లో ఫోన్ తీసింది ఆయన తండ్రి ఓబులేసు. కొడుకు మగబిడ్డ కోసం మొక్కుకుని గండి ఆంజనేయస్వామి దగ్గరికి పోయాడట. పి.పి. కాల్ కాబట్టి అక్కడితో ఆపేయాలి. డాక్టరమ్మ గొంతులో తొందర విని కలిపేశాను.

"మీ కోడలికి ఇప్పుడే ఆపరేషన్ చేయాలి. పాత కుట్టు దగ్గర గర్భసంచి పల్చబడింది. మళ్లీ గర్భమొస్తే పగిలి ప్రాణం పోతుంది. అందుకే ఇదే ఆపరేషన్‌లో గొట్టాలు ముడివేస్తాను. మీ అబ్బాయి ఒప్పుకోవాలి."

"పొట్ట కొయ్యండి, వద్దంటామా? ముడి మాత్రం ఎయ్యద్దు. ఇది గూడా ఆడపిల్లే అయితే మా వంశం సంగతేంది?"

"ఆమె చచ్చిపోతుందని చెబుతుంటే వంశం అంటావేమయ్యా!" అలా అరిచింది డాక్టరమ్మ కాదు, నేను.

"ఎవురది? టెలిఫోన్ పాప నాకు బుద్ధి చెప్తాదా?" ఫోన్ పెట్టేశాడు. మళ్లీ మళ్లీ మోగించాను, తీయలేదు. ఇంకో రెండు నిమిషాలు డాక్టరమ్మ మాట్లాడి ఉంటే ఒప్పుకునేవాడేమో. ఆ రెండు నిమిషాలూ నా నోరు తినేసింది.

"ఇంకెవరైనా మగవాళ్లున్నారా వాళ్లింట్లో? మామ కాకపోతే అన్న?" డాక్టరమ్మ అడుగుతోంది. నేను పులివెందుల సబ్‌స్క్రైబర్ల పుస్తకం తిరగేస్తున్నాను. అప్పుడు దూరంగా, బావిలోంచి వచ్చినట్టు ఒక గొంతు వినిపించింది.

"డాక్టరమ్మా, ఊర్లో అందర్నీ అడుగుతాండారే. నన్నెప్పుడు అడుగుతారు?"

స్ట్రెచర్ మీద ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్తున్న సుగుణమ్మ. ఆ నిమిషం నా చేతిలో పుస్తకం బరువెక్కింది. ఆమె ప్రాణం కోసం ఇన్ని కార్డులు గుచ్చాను. ఆమె పేరు ఒక్క టికెట్ మీదా లేదు.

"ముడెయ్యండి. నేను సంతకం చేస్తా" అంది.

"నీ సంతకం ఒక్కటే చాలదు తల్లీ. రేపు మీవాళ్లొచ్చి నువ్వు స్పృహలో లేవంటే? సాక్షి ఉండాలి."

"లైన్లో ఎవురుండారు? దొంగచెవి పాపేనా?"

డాక్టరమ్మ తీగ అందినంత దూరం లాగి రిసీవర్ ఆమె చెవికి ఆనించింది. సుగుణమ్మ రొప్పుతూ మాట్లాడింది. "ఇన్నావు గదా? నేను తెలివితోనే చెప్తాండా. రాసుకో."

సాక్ష్యం చెప్పడమంటే విన్నానని ఒప్పుకోవడం. టికెట్ తిప్పి వెనక రాశాను: "గొట్టాలు ముడివేయమని సుగుణమ్మ స్వయంగా చెప్పింది. నేను విన్నాను." పదకొండు నలభై రెండు అని టైము వేసి, కింద నా పూర్తి పేరు రాసి, పైకి చదివి వినిపించాను. డాక్టరమ్మ "చాలు" అంది. లైను తెగింది.

సుగుణమ్మ బతికింది. బిడ్డ దక్కలేదు. మగబిడ్డ.

సాయంత్రం ఆ వార్త నా చెవిలోంచే పులివెందులకి వెళ్లింది. ఓబులేసు ఏడుపు కూడా విన్నాను. ఆయన మీద నాకు మిగిలిన కోపం ఆ ఏడుపులో ఎటో పోయింది. తర్వాత వారంలో ఆయన ఫిర్యాదు చేశాడు. సూపర్‌వైజర్ ముందు టికెట్ నేనే తీసి పెట్టాను. ఉద్యోగం పోలేదుగాని మెమో ఇచ్చి, మద్రాసుకి బదిలీ చేశారు.

బదిలీకి ముందు గండి నుంచి తిరిగొచ్చిన నరసింహులు జమ్మలమడుగు ఆస్పత్రికి పి.పి. కాల్ బుక్ చేశాడు. ఎవరు కావాలని అడిగాను. "సుగుణమ్మ" అన్నాడు. ఆ టికెట్ రాసి కలిపాక నేను వినలేదు.

వెళ్లే రోజు ఆమెకి నేనే ఫోన్ చేశాను. "ఆ బాబు పోయాడని తెలిశాక నాకు నిద్ర పట్టట్లేదు టీచరమ్మా. నేను ఆ టికెట్ రాయకపోతే ముడి పడేది కాదు, మీకింకో బిడ్డ…"

"నువ్వు రాయకపోతే నా మాట అబద్ధమైపోతాదా? వాని కోసరం నేను రోజూ ఏడుస్తాండా. అయినా మళ్లీ అడిగితే అదే చెప్తా. రెండూ నిజమే పాపా."

తనే మళ్లీ అంది. "చివరి భాగం చూసినావా? ఎడిటర్ మార్చేసినాడు. తాళంచెవి మొగుని చేతికిచ్చినాడు."

నా ఒళ్లు మండిపోయింది. "మీరు ఊరుకున్నారా?"

"జాబు రాసినాలే, గట్టిగానే. అది కాయితం మీది తాళం పాపా. నాది నా కొంగుననే ఉంది."

ఇప్పుడు మద్రాసు బోర్డు మీద రోజుకెన్నో ఆస్పత్రి కాల్స్ వస్తాయి. ఎవరి గురించైనా ఇంకెవరినో అడుగుతుంటే నాకు లేని అధికారంతో ఒక్క మాట అంటాను: "ఆమె మాట్లాడగలిగితే ముందు ఆమెకివ్వండి, లైను పట్టుకునే ఉంటాను." దీనికీ ఒక మెమో వచ్చింది. టికెట్లు మాత్రం ఇంకా రెండు వైపులా రాస్తున్నాను.