మోకాళ్ళ డాక్టరు సంబంధం

కూతురి నిశ్చితార్థం నాడు, వియ్యాలవారంతా చూస్తుండగా, నా పరువు నేనే ఎలా తీసుకున్నానో చెబుతాను. నవ్వదలచినవాళ్ళు ఇప్పుడే మొదలుపెట్టొచ్చు, నేనేమీ అనుకోను.

నాకు అక్షరాలు వచ్చిందే అరవై దాటాక. తమిళనాట మా కోవిల్‌పట్టిలో తెలుగు మా నోళ్ళలో ఉంది గానీ గోడల మీద లేదు. అల్లుడు ఎక్కడినుంచో వాచకం తెప్పించి నా చేత దిద్దించాడు. రాతలో తప్పులుంటే ఆయన్ని తిట్టండి.

ఆయన విరుదునగర్‌లో సర్కారు డాక్టరు. మనుషులు ఎలా చచ్చారో చూసి కోర్టుకు చెప్పే పని, అంటే పోస్టుమార్టం. చేతిలో ఒక్క రోగి కూడా బతకలేదని నిజాయితీగా చెప్పుకోగల డాక్టరు ఆయనొక్కడే. సంబంధం వచ్చినప్పుడు నాకు నచ్చింది. అబ్బాయి నెమ్మదస్తుడు. మా విజయను చూడగానే అడిగిన మొదటి మాట, "నీకు ఇష్టమేనా?" అని. దానికి ఇష్టమే. చిక్కంతా మా అక్కతో.

మా ఇళ్ళలో ఆడపిల్ల మీద మొదటి హక్కు మేనత్తది. కొడుక్కి చేసుకోకపోయినా సరే, నిశ్చితార్థం పళ్ళెం ముందు ఆమె ముట్టి ఇవ్వాలి. ఆమె ముట్టని పళ్ళెం చేతులు మారదు, పెళ్ళి జరగదు. మా లచ్చమ్మక్కకేమో మైల అంటే ప్రాణభయం. వాళ్ళ ఊరు ఒట్టపిడారంలో ఆ చివరి వీధిలో ఎవరైనా పోయారంటే ఈ చివరి వీధిలో తలకు పోసుకునే మనిషి. ఆమె దగ్గరికి పోయి, శవాలు కోసే పెళ్ళికొడుకని చెప్పడానికి నాకు గుండె చాలలేదు.

"మాప్పిళ్ళ ఏం డాక్టరురా?" అని పెళ్ళికొడుకు గురించి అడిగింది, రెండు చేతులతో మోకాళ్ళు పిసుక్కుంటూ.

నా కళ్ళు ఆ మోకాళ్ళ మీద పడ్డాయి. నోరు జారింది.

"మోకాళ్ళ డాక్టరుక్కా."

"నిజంగానా?"

"మోకాళ్ళు తప్ప ఇంకేం చూడడు."

చూశారా, ఒక అబద్ధం చాల్లేదు నాకు.

నిశ్చితార్థం నాడు అక్క బస్సు దిగింది. చంకలో పసుపు గుడ్డసంచి, దాని నిండా ఎక్స్‌రేలు. మావాళ్ళు పళ్ళెం తెచ్చి ముందు పెట్టారు.

"పళ్ళెం యాడికీ పోదు. ముందు మాప్పిళ్ళ నా కాలు సూడనీ," అంది.

అబ్బాయి నా వంక చూశాడు. నేను కనుబొమలతో బతిమాలాను. ఆ రోజు నా కనుబొమలు చేసినంత చాకిరీ మా ఎద్దులు నల్లరేగడిలో ఏనాడూ చేయలేదు. పాపం, ఆయన కింద కూర్చున్నాడు.

అలవాటు మనిషిని వదులుతుందా? మోకాలితో మొదలుపెట్టలేదు ఆయన. నెత్తితో మొదలుపెట్టాడు. చెవుల వెనక చూశాడు, గోళ్ళ కింద చూశాడు, ఒక్కొక్క ఎముకా తడుముతూ దిగాడు. పక్కన ఎవరో రాసుకుంటున్నట్టు మెల్లగా చెప్పుకుంటున్నాడు కూడా. "ఎడమ పిక్క వెనక పాత మచ్చ. కొడవలి."

అక్క మొహం వెలిగిపోయింది. "ఇట్లా ఏ డాక్టరు సూసినాడు? నేను కూసునేలోపలే చీటీ రాసి తరుముతారు."

"పెద్దమ్మా, ఈ గాయం మీరు చేసుకున్నది కాదు. వెనకనుంచి ఎవరో వేశారు. మీకన్నా చాలా పొట్టివాళ్ళు."

అక్క మెల్లగా నా వైపు తిరిగింది. నేను ఎక్స్‌రేలు సర్దడం మొదలుపెట్టాను.

"వీడే. కొడవలి తిప్పుతా ఆటలాడె. వీడికి దెబ్బలు పడతాయని, నేనే కోసుకుంటినని అమ్మకు సెప్తిని. ఇన్నేండ్లూ ఎవురికీ సెప్పలే. మోకాళ్ళ డాక్టరుకు ఇదెట్లా తెలిసె?"

"నేను మోకాళ్ళ డాక్టర్ని కాదు పెద్దమ్మా. పోస్టుమార్టం చేస్తాను. మామ చెప్పలేదా?"

అక్క లేచింది. పెరట్లోకి పోయింది. కాసేపటికి బిందెతో నీళ్ళు గుమ్మరించుకునే చప్పుడు. వియ్యపురాలు కొంగు సర్దుకుని చెప్పులకోసం చూస్తోంది. వంటింటి గడపలో విజయ కళ్ళు నిండిపోయాయి.

అబ్బాయి నా పక్కకొచ్చి, "నేను అబద్ధం చెప్పుండాలా మామా?" అన్నాడు.

"వొద్దు నాయనా. ఆ పని నేను సేసేసినా కదా," అన్నాను.

అక్క తడిజుట్టుతో వచ్చి ఆయన ముందు నిలబడింది.

"దినమూ ఇంటికొచ్చి తలకు పోసుకుంటావా?"

"పోసుకునే లోపలికి వస్తాను పెద్దమ్మా."

"సరి. సచ్చినోళ్ళను తాకే సెయ్యి ఇంత మెత్తగుంటే, మా పిల్లను కొట్టవులే." అని వంగి పళ్ళెం అందుకుంది.

ప్రాణం లేచొచ్చి నేనూ రెండో వైపు పట్టుకోబోయాను.

"నువ్వు ముట్టొద్దు," అంది.

"ఏంటికక్కా?"

"నాకంటిన మైల పోయె. నువ్వు సెప్పిన అబద్ధం మైల పోలేదు. పో, పోసుకోని రా."

"అక్కా, పట్టుపంచె."

"పంచెతోనే పో."

పోయాను. పోసుకున్నాను. వానలో మరిచిపోయిన పత్తిమూటలాగా వచ్చి నిలబడి పళ్ళెం ఇచ్చాను. ఫోటోలో అందరూ నవ్వుతున్నారు, నా కాళ్ళ కింద మడుగు.

అక్క ఇప్పుడు లేదు. చివరి రోజుల్లో అల్లుడు సెలవు పెట్టి, ఆమె మంచం పక్కనే కూర్చుని కాళ్ళు పట్టాడు. "నువ్వు మోకాళ్ళ డాక్టరువే నాయనా," అనేది. చిన్నప్పుడు మనవరాళ్ళు సాయంత్రమైతే తువ్వాలు పట్టుకుని పెరటి గుమ్మంలో కొట్లాడుకునేవాళ్ళు, తలకు పోసుకున్న నాన్న మీదికి ముందు ఎవరు దూకాలని. ఆ కేకలు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి.

సర్వజనులకూ తెలియజేయడమేమనగా, బతికున్నంతకాలం ఏ పెళ్ళికొడుకు ఉద్యోగమూ మార్చి చెప్పనని ఆ పెరట్లోనే ఒట్టు పెట్టుకున్నాను. నిలబెట్టుకుంటున్నాను కూడా. మొన్న ఎదురింటివాళ్ళబ్బాయి గురించి పిల్లనిచ్చేవాళ్ళు వాకబు చేస్తే, "మధ్యాహ్నం దాకా పడుకుంటాడు," అని ఉన్నదున్నట్టు చెప్పాను. సంబంధం తప్పిపోయింది. ఎదురింటివాళ్ళు నాతో మాట్లాడటం లేదు.

ఏమైతేనేం, పంచె పొడిగానే ఉంది.