మట్టిలోకి పోయే తీగ

మొన్న మినప్పిండి రుబ్బుతుంటే మిక్సీలోంచి మాడు వాసన వచ్చింది. "తిరుగుతానే ఉందిగా అత్తయ్యా, ఇంకో రెండు నిమిషాలు" అంది మా కోడలు. వెళ్లి ప్లగ్గు పీకేశాను. ఆ మాట వింటే నాకు ఒళ్లు మంట. ఒకప్పుడు భూషణం గారితో ఆ మాట అన్నది నేనే.

ఇప్పుడు గారు అని రాస్తున్నాను గానీ, అప్పట్లో ఏమయ్యా అనే పిలిచేదాన్ని. చిల్లకల్లు దగ్గర మా సున్నపురాయి క్రషర్‌లో ఆయన ఎలక్ట్రీషియన్. మా ఆయన మోకాళ్లు పడిపోయి మంచం పట్టాక ఐదో తరగతి చదివిన నా నెత్తిన ఆ క్రషర్ పడింది. ఈ ఎలక్ట్రీషియనేమో ఏ తీగనూ మూడుసార్లు పరీక్షించందే ముట్టడు. పక్కన నిలబడి చూసే నాకు ప్రాణం విసిగిపోయేది.

మా పెద్ద మోటారు మూడువేల మూడొందల వోల్టులది. ఏ తీగకైనా పూత పోయి ఇనుముకు తగిలితే క్రషర్ మొత్తం ఢామ్మని ఆగిపోయేది. అందుకని ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కీ, అంటే మూడు తీగలూ కలిసే మధ్య కొసకీ, భూమికీ నడుమ కరెంటును అణిచే ఒక రెసిస్టెన్స్ పెట్టె పెట్టాలన్నాడు. "అది ఉంటే తీగ తగిలినా కరెంటు కాస్తే పారుద్దండి. మిషను ఆగదు, గంట మోగుద్ది. ఎక్కడ తగిలిందో మనం వెతుక్కోవాలి" అన్నాడు. సరేనని పెట్టె తెప్పించాను. తీరా దాన్ని న్యూట్రల్‌కు కలిపే రోజున, గోడౌన్‌లో ఉన్న ఇళ్లల్లో వాడే పాత వైరు చుట్ట తెచ్చి ఇస్తే ముట్టుకోనన్నాడు. మోటారుకు వేసినంత మందం తొడుగున్న కేబులే కావాలట.

"ఏమయ్యా భూషణం, ఎటూ మట్టిలోకి పోయే తీగే గదా! దానికి పట్టుచీర కట్టాలా?"

"మట్టిలోకి పోయేది పెట్టెకు అవతలి కొసండి, ఇవతల ట్రాన్స్‌ఫార్మర్ వైపుది కాదు. ఎక్కడన్నా తీగ తగిలిన రోజున ఇవతలి కొస మీద పందొమ్మిది వందల వోల్టులు కూర్చుంటయ్యి."

"మామూలప్పుడు ఏముండదని నువ్వే అన్నావుగా!"

"ఏముండదు కాబట్టేగా అమ్మగారూ జనం మోసపోయేది."

బయట లారీలు బారులు తీరి ఉన్నాయి. "కలుపుతావా, ఇంకోణ్ణి పిలవమంటావా?" అని అరిచాను. "పిలవండి. వాడు కలపంగానే నాకో మాట చెబితే మనుషుల్ని దూరంగా పంపిచ్చుకుంటా" అని బోర్లించిన రాళ్లు మోసే గమేళా మీద కూర్చున్నాడు. ఆ మొండితనానికి పళ్లు కొరుక్కుంటూ బెజవాడ నుంచి కేబుల్ తెప్పించాను.

వానలు మొదలైన వారానికి ఒక ఉదయం గంట మోగింది. ప్యానెల్ గదిలో మేమిద్దరమే ఉన్నాం. మోటారు శుభ్రంగా నడుస్తోంది.

"తిరుగుతానే ఉందిగా! లోడు పంపాక సాయంత్రం చూద్దువుగాని" అన్నాను.

"ఒక తీగ తగిలిందండి. రెండోది కూడా తగిలిందాకా ఆగమంటారా?"

ఆ గంట చప్పుడుకీ ఆయన నిదానానికీ తిక్క రేగి, నేనే వెళ్లి గంట ఆపే బటన్ నొక్కేశాను. ఆయన వెళ్లి మోటారు ఆపేశాడు. నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్లు తింటూనే కరెంటు తీసి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, తన మూడు పరీక్షలూ చేసి, అప్పుడు మోటారు పక్కనున్న తీగల పెట్టె మూత విప్పాడు. లోపల రాతిపొడి తడిసి ముద్దయి ఉంది. ఒక తీగ మొదలు నల్లగా కాలిపోయింది. పక్కదాని పూత అప్పటికే బొబ్బలెక్కింది. అది కూడా ఇనుముకు తగిలి ఉంటే ఆ రెసిస్టెన్స్ అడ్డం లేకుండా కరెంటంతా పారి, ఈ తీగల పెట్టె పగిలి నిప్పు ఎగజిమ్మేది. దానికి జానెడు దూరంలో గోడకున్న మేకుకు నాగమ్మ అన్నం క్యారియర్ వేలాడుతోంది. బెల్టు మీద రాయి ఏరే నాగమ్మ రోజూ అక్కడే కూర్చుని తింటుంది.

చూశారా అని ఒక్క మాట అన్నా బాగుండేది, మళ్లీ తిట్టడానికి నాకో వంక దొరికేది. అదీ అనలేదు. "లైటు ఇటు పట్టుకోండమ్మా, మీ నీడ పడతంది" అన్నాడు. పట్టుకున్నాను.

క్రషర్ అమ్మేశాం, భూషణం గారు పోయారు. గంట ఆపే బటన్ నొక్కింది నేనని ఆయన ఎవరికీ చెప్పలేదు. జగ్గయ్యపేట బస్టాండులో నాగమ్మ ఎప్పుడు కనిపించినా నా చెయ్యి పట్టుకుంటుంది. "ఆ రోజు మీరు మిషను ఆపిచ్చబట్టి బతికున్నానమ్మగారూ" అంటుంది. ఆపింది నేను కాదే, భూషణం అని చెబుతాను. మిగతా సగం మాత్రం ఇన్నేళ్లుగా నోరు దాటి రాలేదు. నాగమ్మకు చదువు రాదు. ఈ కాగితం తీసుకెళ్లి నేనే చదివి వినిపించాలి.