గుండె పరీక్షకు ముందు ఆమె చెప్పే మాటలు

నా భార్య పోయిన నెల కన్నుమూసింది. కబురు తెలియనివాళ్ళు ఇంకా బందరులోని మా ఇంటికి వచ్చి ఆమె కోసం అడుగుతున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరం ఆమె గుండె కవాటాన్ని పాడుచేసింది. ఇక్కడి డాక్టరు మద్రాసు పంపారు. అక్కడ చేతి నరంలోంచి గుండెలోకి సన్నని గొట్టం పంపి చూస్తారు. పరగడుపున రమ్మన్నారు. మా అత్తగారు శనివారం ఉపవాసం లెక్కన అన్నం మాన్పించి, సత్రంలో కుంపటి మీద ఉప్మా చేసి పెట్టారు. నర్సు అడిగితే నా భార్య, "ఏమీ తినలేదండీ, కాస్త ఉప్మా" అంది. ఆ రోజుకు పరీక్ష లేదన్నారు.

తరువాత జరిగిన పరీక్ష, ఆపరేషను ఆమెకు కొన్నేళ్ళ ఆయుష్షు ఇచ్చాయి. ఆ ఏళ్ళలో గుడివాడ నుంచి, నందివాడ నుంచి ఈ పరీక్షకని మద్రాసు వెళ్ళబోయేవాళ్ళు ఆమెను కలిసి వెళ్ళేవారు. "ఉప్మా కూడా తిండే" అని మొదలుపెట్టేది.

ఒకసారి బంటుమిల్లి అవతల సముద్రపు ఒడ్డు నుంచి, చేపల వేటకు వెళ్ళే ఒకతను భార్యను తీసుకొచ్చాడు. ఆమెను వాకిట్లోనే నిలబెట్టి గొంతు తగ్గించాడు.

"దానికేం చెప్పలేదండీ. ఎక్స్‌రే అని తీసుకెళ్తన్నా. తెలిస్తే రైలెక్కదు. ఆ గొట్టం సంగతి నాకు చెప్పండమ్మా."

"గొట్టం వెళ్ళేది నీ చేతిలోకా, ఆ అమ్మాయి చేతిలోకా?"

అతను తల గోక్కున్నాడు. నాదీ అతని పక్షమే. "బెదిరి వెళ్ళనంటే?" అన్నాను.

"బల్ల మీద పడుకున్నాక తెలిస్తే ఇంకా బెదురుతుందండీ" అని, నా భార్య ఆ అమ్మాయిని లోపలికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఎక్స్‌రే కాదమ్మా, చేతి నరంలోంచి గుండెలోకి సన్నని గొట్టం పంపి చూస్తారు. నిద్రపుచ్చరు. మెలకువగానే ఉంటావు. చెయ్యి మొద్దుబారేట్టు సూది వేస్తారు. గొట్టం గుండెలోకి వచ్చినప్పుడు దడదడలాడొచ్చు. అది మామూలే. కానీ నొప్పొచ్చినా, ఊపిరాడకపోయినా పళ్ళు బిగబట్టి ఓర్చుకోకు, వెంటనే చెప్పు. వేసుకునే మందులూ, నెల తప్పి ఉంటే అదీ డాక్టరుకు ముందే చెప్పాలి."

"ప్రాణానికేం కాదుగా అమ్మా?"

ఏమీ కాదని మగవాళ్ళిద్దరం ఒక్కసారే నోరు తెరిచాం. నా భార్య మమ్మల్ని చెప్పనివ్వలేదు.

"చాలామంది క్షేమంగానే వస్తారు. ప్రమాదం బొత్తిగా లేదని మాత్రం అనను. నీకెంత ఉందో డాక్టరునే అడుగు. అడిగాకే ఒప్పుదల కాగితం మీద వేలిముద్ర వెయ్యి."

ఆ అమ్మాయి లేచి చెంగు సర్దుకుంది. తరువాత భర్త వైపు తిరిగింది.

"సరే, ఎల్దాం. ఈ ముక్క నువ్వే చెబితే నీ సొమ్మేం పోయింది?"

పోవడానికి కొన్నాళ్ళ ముందు నా భార్యకు ఆయాసం మళ్ళీ పెరిగింది. "తగ్గుతుందిలే" అన్నాను. "అలా అనకండి. పక్కన కూర్చోండి" అంది. కూర్చున్నాను. అబద్ధం లేకుండా గడిచిన ఆ చివరి రోజులు ఆమె నాకిచ్చినవే.

అప్పట్లో మద్రాసు నుంచి తిరిగొచ్చాక ఆ సముద్రపు ఒడ్డు దంపతులు మళ్ళీ వచ్చారు. ఆ అమ్మాయి మమ్మల్ని దాటుకుని నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. మగవాళ్ళిద్దరం అరుగు మీద ఉండిపోయాం. లోపల ఆమె ఏదో చెబుతోంది, నా భార్య ఊఁ కొడుతోంది. ఉన్నట్టుండి ఇద్దరూ నవ్వారు.

"ఏమనుకుంటన్నారండీ?" అన్నాడతను.

తెలియదన్నాను. లోపల నవ్వు ఇంకా ఆగలేదు.